పిళ్ళప్ప వేలు

నాకిచ్చిన పట్టికలో నూట ఎనభై రెండు చెరువులు.
వరసకొకటి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం,
పూడిక ఎప్పుడు తీశారో, ఎంత బిల్లయిందో.
ఒక వరసకి పక్క వరస ఎవరో తెలీదు,
అపార్ట్‌మెంట్ లిఫ్టులో మనుషుల్లాగా.

జయనగర్‌లో, కింద కాఫీ కొట్టు వాసన ఎక్కివచ్చే
మూడో అంతస్తు గదిలో కూచుని
పట్టికని విప్పదీశాను, పాత స్వెటర్ విప్పినట్టు.
చెరువుకో చుక్క. కాలువకో గీత.
నీళ్ళు ఎటు పోతాయో అటు బాణం.
ఆ గీతలకి "పొర్లితే" అని పేరు పెట్టాను.

ఇక అడగడం సులువనుకున్నాను.
ఈ చుక్క దగ్గర బయల్దేరి
"పొర్లితే" గీతల మీదుగా, ఎన్నయినా సరే,
ఆ చివరి చుక్క దాకా దారి చూపించు.
మీట నొక్కాను.
సున్నా దారులు, అంది. పదకొండు మిల్లీసెకన్లలో.

అప్పుడు తీసుకొచ్చారు పిళ్ళప్పని.
నీరుగంటి. వాళ్ళ నాయనా నీరుగంటే, తాతా నీరుగంటే.
తూము తెరిచే పని ఎప్పుడో పోయింది,
ఇప్పుడొక టెక్ పార్కు గేటు తెరుస్తాడు, రాత్రి షిఫ్టు.
సగం కన్నడం ఊరిన బెంగుళూరు తెలుగు అతనిది.
స్క్రీను కేసి చూసి నవ్వాడు.
"ఏమ్మా, కెరెలన్నీ ఇట్ల బిడిబిడిగా పెట్నావు,
జగళ ఆడిన అన్నదమ్ముల మాదిరి?"

వేలు పెట్టాడు. గాజు మీద, ఉత్త ఖాళీలో.
"ఇక్కడ హొంగెకుంటె. చిన్నది.
పైనుంచి దీంట్లోకే వచ్చేది, దీంట్లోనుంచే కిందికి పొయ్యేది."
లోతెంత? తెలీదు. ఎన్ని ఎకరాలు? తెలీదు.
సర్వే నంబరు? "సైట్లు చేసినప్పుడే తీసేసినారు."
నీళ్ళు? మళ్ళీ నవ్వాడు.

కొత్తగా చేరిన పిల్లలకి ఏళ్ళుగా నేను చెప్పే పాఠమే:
వస్తువు వేరు, దాని విలువలు వేరు.
గడులన్నీ ఖాళీ అయినా గుర్తు మిగులుతుంది.
బోర్డు మీద రాసేదాన్ని, వాళ్ళు ఎక్కించుకునేవాళ్ళు.
ఒక చెరువు సంగతి చెప్తున్నానని అనుకోలేదు.
ఇంకోటి కూడా చెప్పేదాన్ని:
ఏ గీతా వచ్చి చేరని వస్తువుని
యంత్రం చెత్త కింద లెక్కేసి, తీరిక చూసుకుని ఊడ్చేస్తుంది.
ఎవరో ఒకరు, ఎక్కణ్ణుంచో, వేలు చూపిస్తుండాలి.

హొంగెకుంటెకి చుక్క పెట్టాను.
లోతు: ఖాళీ. విస్తీర్ణం: ఖాళీ.
ఆధారం గడిలో "పిళ్ళప్ప" అని రాస్తే
సమీక్షలో ఇందుధర్ ఎర్రగీత పెట్టాడు.
"మనిషి ఆధారమెలా అవుతాడు? కాగితముందా?"
లేదు. చుక్కా గీతలూ కొట్టేశాం.
పదకొండు మిల్లీసెకన్లు, సున్నా దారులు.
నివేదిక వెళ్ళిపోయింది.

సెప్టెంబరులో ఒక రాత్రి వాన
ఏడింటికి మొదలై ఇక ఆగలేదు.
పై చెరువు నిండి కట్ట దిగింది నీరు.
మేం కొట్టేసిన సంగతి దానికెవరూ చెప్పలేదు.
ఒక్కో పల్లాన్నీ అడుక్కుంటూ వచ్చింది,
మూడో క్రాసు, స్కూలు ప్రహరీ, కల్యాణమండపం వంటగది,
మూసిన చోట వెనక్కొచ్చి, పక్క సందు పట్టి,
ఎన్ని గీతలైనా సరే అన్నట్టు.

రెండూ నలభైకి వాచ్‌మన్ తలుపు కొట్టాడు.
"మేడమ్, బేస్‌మెంట్."
మెట్ల మీద నిలబడి టార్చి వేశాను.
బి-17లో నా స్కూటర్ సీటు దాకా నీళ్ళు.
ఎవరిదో చెప్పు, ఒక థర్మోకోల్ పెట్టె, సగం కొబ్బరిచిప్ప
నెమ్మదిగా, అన్నీ ఒకే వైపుకి.
అదే గోడ. అదే ఖాళీ. గాజు మీద అతని వేలిముద్ర
వారం దాకా తుడవలేదు నేను.

ఫోన్ చేశాను. గేటు దగ్గర మేలుకునే ఉన్నాడు.
"హొంగెకుంటె నిండింది" అన్నాను.
కాసేపు వాన చప్పుడే, రెండు వైపులా.
"లోతెంతమ్మా?" అని అడిగాడు.

చెప్పులు విడిచి
ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ కిందికి దిగాను.